లేచి నిలబడ్డవాళ్లు

ఆ ఏడు మిర్ప ఏరుడూ, మా ఓపెన్ ఇంటర్ పరీక్షలూ ఒకేసారి మీద పడ్డాయి. పరీక్షల తారీఖులు వేసేవాళ్లకు మిర్పతోట ఎప్పుడు ఎర్రబడుతుందో తెలియదు. తెలిసినా వాళ్లకేం పట్టింది? చదువు మధ్యలో ఆగినవాళ్ల కోసమే ఈ రెండో దారి అని గోడల మీద రాయిస్తారు. ఎందుకు ఆగిందో మాత్రం రాయించరు.

మాది కొత్తగూడ అడవి అంచున తండా. నా పేరు చాందీ. నేనూ, మా ఆయన తావుర్యా, మరిది నరేందర్, వాడి భార్య నవ్య, అందరిదీ ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. నేను చిన్నప్పుడు బడికి పోయింది నాలుగు మెతుకులంత. మిగతా చదువంతా కరపత్రాల మీద, ఆఫీసుల గోడల మీద, ధర్నాలో కూర్చున్నప్పుడు కింద పరుచుకున్న పాత పేపర్ల మీద నేర్చుకున్నదే. మా మండలానికి ఓపెన్ ఇంటర్ క్లాసులు రావాలని ఆఫీసు మెట్ల మీద కూర్చున్నది మేమే. మేం మెట్లు దిగకపోతే ఆ ఆఫీసరుకు ఇంటికి పోయే దారి లేక సంతకం పెట్టాడు.

తండా నుంచి ఆడవాళ్లం కొందరం ఓపెన్ టెన్త్ గట్టెక్కి ఇంటర్‌కు కట్టాం. బుజ్జి మా అంగన్‌వాడీలో ఆయా. టీచరు కావాలంటే ఇంటర్ ఉండాలన్నారు గనక ఆమె కట్టింది. గోరీ మా అందరికన్నా పెద్దది. కొడుకు నవ్వాడని పంతం మీద కట్టింది. నువ్వేం చదివినవమ్మా అని ఒక ఆఫీసరు నన్ను అడిగాడు గనక నేను కట్టాను. మాకు పాసైతే పండుగ, తప్పితే నవ్వులాట. నవ్యకు అట్లా కాదు.

నవ్య హాస్టల్‌లో ఉండి పదో తరగతి మంచిగా పాసైంది. పెళ్లి చేసి మా ఇంటికి తెచ్చుకున్నాం. వచ్చిన కొత్తలోనే మా పోడు భూముల కేసుకు నా వెంట కోర్టుకు వచ్చింది. మా వకీలు జడ్జి ముందు ఇంగ్లీషులో ఏదో గొణిగాడు, ఎదుటి వకీలు ఏదో గొణిగాడు, అయిపోయిందమ్మా పొండి అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నవ్య అడిగింది, మన తరఫున ఆయన ఏం మాట్లాడాడో మనలో ఒక్కరికైనా తెలిసిందా అని. తెలియలేదన్నాను. ఆ రోజు నుంచి దానికి ఒకటే పట్టు. ఇంటర్ పాసైతే లా ఎంట్రన్స్ రాయొచ్చు. సీటు వస్తే యూనివర్సిటీలో అయిదేళ్లు చదివి నల్లకోటు వేసుకోవచ్చు. మా తండాలో ఇప్పటిదాకా నల్లకోటు వేసుకున్నది దిష్టిబొమ్మ ఒక్కటే.

నరేందర్ ఒప్పుకున్నాడు గానీ గడువు పెట్టి ఒప్పుకున్నాడు.

"ఈ ఎండకాలం దాకనే వదినా," అన్నాడు నాతో, భార్యకు వినపడేటట్టు. "అయితే అయింది, లేకుంటె ఇద్దరం హైదరాబాద్ పోతం. నాకు డ్రైవర్ పని మాట్లాడిపెట్టిండ్రు. ఇగ మల్లొక పరీక్ష, మల్లొక ఏడు అంటె నాతోని కాదు."

నవ్య తల ఊపింది. దానికి ఒక్క పరీక్ష చాలు. అంత ధీమా దానికి.

మేం ఏరేది ప్రతాప్ తోటలో. ప్రతాప్ ఊళ్లో పెద్ద రైతు. ఒకసారి ఈ పార్టీ, ఒకసారి ఆ పార్టీ, ఏ పార్టీ అయినా మండలంలో కుర్చీ మాత్రం ఆయనకే. పొద్దు పొడవక ముందే సాళ్లలో దిగేవాళ్లం. మిర్ప మంట తెలియనివాళ్లకు చెప్పినా తెలియదు. గోటి సందుల్లో పట్టుకుందంటే రెండు రోజులు వదలదు. మరిచిపోయి కన్ను నులుముకున్నామా, ఆ రోజుకు లోకం లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మేం చెట్టు కింద నడుం వాల్చేవాళ్లం. నవ్య చేతులకు నూనె రాసుకుని, బట్టతో తుడుచుకుని, కాయల బస్తాకు ఆనుకుని పుస్తకం తెరిచేది. పేజీలు మోచేతితో తిప్పేది.

పోయిన ఏడు దాన్ని అట్లా చూసి ప్రతాప్ నవ్వాడు. ఓపెన్ చదువా, బర్లు కాసేటోళ్ల చదువు, దానికి సీటు ఎవడిస్తడు అన్నాడు. ఈ ఏడు తన కొడుకు రోహిత్‌నే తెచ్చి ఆ బర్ల చదువులో కట్టాడు. వాడు హైదరాబాద్‌లో పెద్ద కాలేజీ హాస్టల్‌లో ఉండి ఇంటర్ లెక్కల్లో తప్పాడు, మళ్లీ రాసి మళ్లీ తప్పాడు. ఇక్కడ లెక్కలు లేని గ్రూపు. మొదటి దారి వాళ్లదే. దాని మీద నడవలేక పడ్డా, మా రెండో దారి కూడా వాళ్లకు మెత్తగా దొరికింది.

ఒక రోజు ప్రతాప్ గట్టు మీద నిలబడి నవ్యను పిలిచాడు. మావోనికి జర చెప్పు బిడ్డా, నీకు సగం పూట ఏరుడు మాఫీ అన్నాడు. నవ్య నా వంక చూసింది. ఏరుడు కన్నా చదువు చెప్పుడే నయం కదా, పోవే అన్నాను. అట్లా బావి కాడి షెడ్డులో వాడికి రాజనీతి, చరిత్ర చెప్పింది. రోహిత్ చెడ్డవాడు కాదు. మెత్తనివాడు. నవ్యక్కా, నవ్యక్కా అంటూ చుట్టూ తిరిగేవాడు. అప్పజెప్పమంటే సగందాకా వచ్చి ఆగి, దాని ముఖం వంక చూసేవాడు. నవ్య మొదటి మాట అందించేది. వాడు మిగతాది అందుకునేవాడు.

"నువ్వు లేకుంటె నేను పరీక్షల ఏం జెయ్యాలక్కా?" అని ఒకరోజు అడిగాడు.

"నేను ఆడనే ఉంట గదా తమ్మీ," అన్నది నవ్య నవ్వుతూ. "నా మొఖం జూడు, యాదికొస్తది."

ఇక్కడ మా తండా పద్ధతి ఒకటి చెప్పాలి. పోడు భూములు దున్నినప్పుడల్లా అడవి ఆఫీసర్లు జీపేసుకుని వస్తారు. వచ్చి, ఎవరు దున్నారు అని అడుగుతారు. మా తాతల నాటి నుంచి దానికి ఒకటే జవాబు. "అందరం." చెట్టు ఎవరు కొట్టారు? అందరం. రాళ్లు ఎవరు తీశారు? అందరం. ముసలివాళ్లు, బాలింతలు, కాలు విరిగి మంచాన పడ్డవాళ్లు కూడా అందరం అంటారు. ఒక్కడి పేరు దొరికితే ఒక్కడిని జైల్లో వేస్తారు. తండా మొత్తాన్ని ఎక్కించుకునేంత జీపు వాళ్ల దగ్గర లేదు. అదే మా బలం. ఆఫీసరు ముందు పక్కవాడి వైపు వేలు చూపించడం మా పిల్లలకు కూడా తెలియదు. నేర్పలేదు. ఆ మాట మీదే మా భూములు ఇప్పటిదాకా నిలిచాయి. దాన్ని ఎవడైనా తప్పంటే ఇప్పటికీ వాడి నోరు మూయిస్తాను.

పరీక్షలు మా జిల్లా కేంద్రం మానుకోటలో పడ్డాయి, ఒక బడిలో. పొద్దున ఏరి, చేతులు కడుక్కుని, ఆటో ఎక్కి, మధ్యాహ్నం పరీక్షకు అందుకునేవాళ్లం. ఆటోలో గోరీ నిద్రపోయేది, బుజ్జి జవాబులు వల్లెవేసేది, నవ్య బయటకు చూస్తూ ఉండేది. దానికి వల్లెవేసే పని లేదు. ఒకరోజు హాల్ టికెట్ వెనక ఉన్న నిబంధనలు మాకు చదివి వినిపించింది. చిట్టీ దొరికితే ఆ పరీక్షే కాదు, అన్ని పరీక్షలూ పోతాయట. తర్వాత కూడా కొన్నాళ్లు కూర్చోనివ్వరట. మాకేమే, చిట్టీ రాసేంత తీరిక యాడుంది అని గోరీ అంటే ఆటో డ్రైవర్ కూడా నవ్వాడు.

ఆ బడిలో చిట్టీలు దాచిపెట్టే ముచ్చట కాదు. పట్నం పిల్లలు సన్నటి జిరాక్సులు మడిచి జేబుల్లో నింపుకుని వచ్చేవాళ్లు. కాపలా ఉన్న సార్లు కిటికీలోంచి చెట్లను చూసేవాళ్లు. స్క్వాడ్ జీపు గేటు కాడికి వస్తే ముందే ఒక దగ్గు వినపడేది. దగ్గు వినపడగానే చిట్టీలన్నీ కిటికీలోంచి బయటకు ఎగిరేవి. మొదటి పరీక్షలన్నీ అట్లాగే గడిచాయి. మేం మాకు వచ్చింది రాశాం. నవ్య ప్రతిరోజూ అదనపు పేపరు అడిగి తీసుకునేది. కాపలా సారుకు అది వింతగా ఉండేది. ఆ గదిలో అదనపు పేపరు అడిగింది అది ఒక్కతే.

రాజనీతి పరీక్ష నాడు దగ్గు ఆలస్యంగా వినపడింది.

నవ్య కిటికీ పక్కన, దాని వెనక గోరీ, మధ్య వరసలో బుజ్జి, బుజ్జి వెనక రోహిత్. నేను తలుపు దగ్గర. దగ్గు వినపడేసరికి స్క్వాడ్ వాళ్లు వరండాలోకి వచ్చేశారు. పిల్లలు చిట్టీలు విసిరారు. రోహిత్‌కు కిటికీ దూరం. వాడు చేతిలోది కింద వదిలి కాలితో ముందుకు నెట్టాడు. అది పోయి బుజ్జి కాళ్ల దగ్గర ఆగింది.

బుజ్జి అంగన్‌వాడీలో ఆయా. రోజూ ఊడ్చే మనిషి. నేల మీద కాయితం ముక్క కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు. ఏం ఆలోచించకుండానే వంగి తీసింది. తీసి, యాడ పారేద్దామా అని చూస్తుంటే స్క్వాడ్ ఆఫీసరు తలుపులో నిలబడి ఉన్నాడు.

ఆయన వచ్చి బుజ్జి చేతిలోంచి చిట్టీ తీసుకుని విప్పాడు.

"ఎవరిదమ్మా ఇది?"

బుజ్జి చెయ్యి ఇంకా గాలిలో అట్లాగే ఉంది. ఎవరిదో ఆమెకు తెలుసు. మాకు తెలుసు. నవ్యకు ఇంకా బాగా తెలుసు. ప్రతాప్ తోటలో ఏరేవాళ్లం ప్రతాప్ కొడుకు పేరు చెబుతామా అని మీరు అనుకోవచ్చు. ఆ భయం కూడా ఉంది, లేదనను. కానీ అంతకన్నా ముందు, ఆఫీసరు ముందు వేలు చూపించడం మాకు రాదు.

"మాట్లాడవేం? నీదేనా? ఆఫీసు రూముకు నడువు," అన్నాడాయన.

వెనక బెంచీ చప్పుడైంది. గోరీ లేచింది.

"ఆమెది గాదు సారూ. అందరిది."

నేనూ లేచాను. ఎట్లా లేచానంటే, అడవి జీపు చూస్తే ఎట్లా లేస్తామో అట్లాగే లేచాను. ఆలోచన తర్వాత వచ్చింది. మా తండా ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఆఫీసరు మమ్మల్ని వింతగా చూశాడు.

"ఒక్క చిట్టీ ఇంతమందిదా?"

"అందరిది," అన్నాం.

నవ్య ఇంకా రాస్తున్నది. దాని పేపరు సగానికి వచ్చింది. మా మాట విన్నది, వినలేదని నేను అనను. ఇంకో వాక్యం రాసింది. చుక్క పెట్టింది. పెన్నుకు మూత పెట్టింది. వెనక్కి తిరిగి ఒకసారి రోహిత్ వంక చూసింది. వాడు పేపరు మీదికి వంగిపోయి ఉన్నాడు. పెన్ను కదలడం లేదు. వాడు దాని ముఖం వంక చూడని రోజు అదొక్కటే.

నవ్య లేచి నిలబడింది.

"మంచిగైంది, నాకు వెతికే పని తప్పింది," అని ఆ ఆఫీసరు పేపర్లన్నీ గుంజుకున్నాడు. ఆఫీసు గదిలో తెల్ల కాయితాలు ఇచ్చి, ఒప్పుకున్నట్టు రాసి సంతకాలు పెట్టమన్నాడు. పెట్టాం. వేలిముద్ర అక్కర్లేదు, మాకు సంతకాలు వచ్చు. గోరీ తన పేరు గుండ్రంగా, తప్పులు లేకుండా రాసింది. అడవి వాళ్ల జీపులో మాకు చోటు చాలలేదు. వీళ్ల కాయితంలో అందరికీ చోటు దొరికింది.

తిరుగు దారిలో ఆటోలో బుజ్జి, కాయితం కనబడ్డది తీసిన అక్కా, కాయితం కనబడ్డది తీసిన అంటూ కూర్చుంది.

నేను ఊరుకునే మనిషిని కాదు. జిల్లా ఆఫీసుకు పోయాను. మెట్ల మీద కూర్చున్నాను. ఈసారి మెట్లకు ఇంకో వైపు కూడా దారి పెట్టుకున్నారు. లోపలికి పిలిచి, మీరే ఒప్పుకుని సంతకం పెట్టినంక మేమేం జెయ్యాలమ్మా అన్నారు. కిటికీ కింద కుప్పపడ్డ చిట్టీల సంగతి అడిగాను. మాకు అట్లాంటి ఫిర్యాదు రాలేదన్నారు. ఇదే ఫిర్యాదు అన్నాను. మాల్‌ప్రాక్టీస్ చేసినవాళ్ల ఫిర్యాదు మేం తీసుకోం అన్నారు. ఆ ఆఫీసరు బల్ల మీద ఉన్న గాజు పేపర్‌వెయిట్ ఆయన ముఖం మీద కొట్టకుండా ఎట్లా బయటికి వచ్చానో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఇంటికి వచ్చేసరికి నవ్య వాకిట్లో మిర్పతాలు ఏరి చాట పక్కన పెడుతున్నది. తాలంటే ఎండకు తెల్లబారి పనికిరానివి. నేను జరిగింది చెప్పాను. హైదరాబాద్‌కు పోదాం, పెద్దాఫీసు ముందు టెంట్ వేద్దాం అన్నాను. అది తల ఎత్తలేదు.

"నువ్వు ఏస్తవు అక్కా టెంటు," అన్నది. "నువ్వు పాసైనా చాందక్కవే, ఫెయిలైనా చాందక్కవే. నీకు పోయిందేంది? ధర్నాల ముంగట కూసునే జాగ నీకెప్పటికి ఉంటది. నాకు గా ఒక్క పరీక్షనే ఉండె."

నాకు కోపం వచ్చింది. వచ్చిన కోపాన్ని దాచుకోవడం నాకు చేతకాదు.

"మరి ఎందుకు లేచినవే? కూసోవచ్చు గదా, ఎవలు గుంజి లేపిండ్రు నిన్ను?"

నవ్య చేతిలోని తాలు చాట పక్కన వేసింది. అప్పుడు చూసింది నా వంక.

"కూసుంటే ఈ తండాల నన్ను బతకనిస్తురా, అక్కా? బుజ్జక్కను ఒక్కదాన్ని పంపి వకీలైనదని చెప్పుకోకపోదురా? ముందుగాల నువ్వే అనకపోదువా?"

అనేదాన్ని. అది అబద్ధం ఆడటం లేదు.

ఆ వారం నరేందర్ గోడ అవతల వైపు ఇటుకలు పేర్చాడు. మొదట నాకు అర్థం కాలేదు. సాయంత్రం అక్కడ పొగ లేచింది. నవ్య వేరే పొయ్యి వెలిగించింది. తావుర్యా మంచం మీద కూర్చుని ఆ పొగను చూశాడు, నన్ను చూశాడు, బీడీ ముట్టించాడు. హైదరాబాద్ ఎప్పుడు పోతరు రా అని నరేందర్‌ను అడిగితే, మృగశిర దాటినంక అన్నాడు. మృగశిర దాటింది. పోలేదు. అక్కడ డ్రైవర్ పని ఇంకెవడికో ఇచ్చారట. నవ్యకు చదువూ పోయింది, ఊరు దాటే దారీ పోయింది.

రోహిత్ పాసయ్యాడు. మార్కులు కూడా మంచిగానే వచ్చాయన్నారు. లా ఎంట్రన్స్ రాశాడు. సీటు వచ్చింది. ప్రతాప్ మా తండాకు కూడా లడ్డూల డబ్బా పంపాడు. బుజ్జి తీసుకుని పిల్లలకు పంచింది. ఆయా కదా, పంచడం ఆమె పని. గోరీ తన వంతు లడ్డూ కోడికి వేసింది.

వానలు పడగానే పోడు దున్నాం. అడవి వాళ్లు వచ్చారు, అడిగారు. అందరం అన్నాం. ఈసారి వాళ్లు ఎప్పటిలాగా తిరిగి పోయి ఊరుకోలేదు. శ్రావణంలో నోటీసులు పంపారు. దున్నినవాళ్లు ఎవరెవరో పేర్లు రాసి జవాబు ఇచ్చుకోవాలట. మా పాత వకీలు ఫోన్ ఎత్తలేదు. తండా మొత్తం ప్రతాప్ ఇంటి ముందుకు పోయింది. నేను వద్దన్నాను. నా మాట ఎవరూ వినలేదు. ఎప్పుడూ పోయేది అక్కడికే, ఆ రోజూ పోయారు. చివరికి నేనూ పోయాను. నవ్య కూడా వచ్చింది, మా వెనక దూరంగా.

ప్రతాప్ వరండాలో కుర్చీలో ఉన్నాడు. పక్కన టేబుల్ వేసుకుని రోహిత్ కూర్చున్నాడు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో. మేం కింద వాకిట్లో కూర్చున్నాం.

"మీరు ఇగ పరేషాన్ కావద్దు," అన్నాడు ప్రతాప్. "మావోడు వకీలైతుండు. రేపటినాడు మీ పోడు కేసు ఫీజు లేకుండ వీడే వాదిస్తడు. సరేనా? ఇప్పుడైతే పేర్లు రాయాలె. దున్నినోళ్లు లేచి నిలవడుండ్రి, వీడు రాసుకుంటడు."

కొందరు చప్పట్లు కొట్టారు. మా తండావాళ్లే. తర్వాత అందరం లేచాం. గోరీ, బుజ్జి, తావుర్యా, నరేందర్, పిల్లలను ఎత్తుకున్నవాళ్లు, కర్ర పట్టుకున్నవాళ్లు. రోహిత్ ఒక్కొక్కరి పేరు అడిగి రాసుకుంటూ వచ్చాడు. చివరికి వచ్చి ఆగాడు.

నవ్య వాకిలి మెట్టు మీద కూర్చుని ఉంది.

వాడు కాయితం మీంచి తల ఎత్తాడు. "నవ్యక్కా, నువ్వు... లెవ్వవా?"

"మేం ఒకపారి లేచినం గదా తమ్మీ," అన్నది నవ్య. గొంతు పెంచలేదు. షెడ్డులో వాడికి మొదటి మాట అందించినప్పుడు ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది ఆ గొంతు. "ఈపారి నువ్వు లెవ్వు."

బుజ్జి నేల వంక చూసింది. రోహిత్ చెయ్యి టేబుల్ అంచు మీద బిగుసుకుంది. కుర్చీ వెనక్కి కొంచెం జరిగింది. లేస్తాడేమో అనుకున్నాను. ప్రమాణంగా అనుకున్నాను.

ప్రతాప్‌కు ఏమీ అర్థం కాలేదు. పెద్దగా నవ్వాడు.

"వాడెందుకు లేస్తడే, పిచ్చిదానా? లేచేటోళ్లు మీరు. వాడు రాసేటోడు."

కుర్చీ మళ్లీ ముందుకు జరిగింది. రోహిత్ తల వంచుకున్నాడు. నవ్య పేరు, ఇంకోసారి అడగకుండా, వాడే రాసుకున్నాడు.